స్కానర్ కొనేముందు మన నెగటివ్‌ల పెట్టె విప్పుదాం

(పాత ఫోటోల భద్రత మీద కార్యకర్తల శిక్షణా తరగతిలో ఒక బడిపంతులు చేసిన ప్రసంగ పాఠం. మాట్లాడిన తీరును ఎక్కువగా మార్చకుండా వేస్తున్నాం.)



నిర్వాహకులు నన్ను ఒక్క ప్రశ్నకు జవాబు చెప్పమని పిలిచారు. "సార్, చందాలు కొంత పోగయినాయి. నెగటివ్‌లు, స్లైడ్లు పెట్టెలకు పెట్టెలు పడున్నాయి. వీటన్నిటినీ కంప్యూటర్లోకి ఎక్కించాలంటే ఏ స్కానర్ కొనమంటారు?" అని. ఒక కంపెనీ పేరు చెప్పేసి కూచోవచ్చు. కానీ ఆ చందాలో కూలికి పోయే తల్లి ఇచ్చిన నోటు కూడా ఉంది. ఆమె రోజు కూలి పెట్టి కొన్న మిషను ఆర్నెల్లకు మూల పడితే ఆమెకు జవాబు ఎవరు చెప్తారు? అందుకని కొంచెం ఓపిక పట్టండి. మొదట్నించీ చెప్తాను.

ముందు, ఈ పని మనకెందుకు? 1985 కారంచేడు, 1991 చుండూరు, ఆ నడుమా ఆ తర్వాతా జరిగిన ఊరేగింపులు, ధర్నాలు, పాదయాత్రలు, అంబేద్కర్ విగ్రహాల ఆవిష్కరణలు, రాత్రి బడులు. ఆ రోజుల్లో ఇవన్నీ ఫిల్ము మీదే తీశారు. మన ఊళ్లకు డిజిటల్ కెమెరా వచ్చింది 2000 సంవత్సరం దాటినాకే. ఒక రోలులో 36 ఫోటోలు పడతాయి. పేపరోళ్లు వేస్తే ఒకటి వేసేవాళ్లు. మనం డబ్బులు పెట్టి ప్రింటు వేయించుకుంటే నాలుగో అయిదో. మిగతావి? ఎవరూ చూడలేదు. తీసినాయన కూడా సరిగ్గా చూసి ఉండడు. ఆ ముప్పై ఫోటోల్లో జెండా మోసిన ముసలాయన ఉంటాడు, పిల్లను చంకనేసుకుని నడిచిన తల్లి ఉంటుంది, వంట చేసినాళ్లు ఉంటారు. స్టేజీ మీద నాయకుడి ఫోటో ఎట్లాగూ మిగుల్తుంది. కింద కూచున్నోళ్ల ఫోటో నెగటివ్‌లోనే ఉంది.

ఇంకో సంగతి. మన వాడల్లో చాలా ఇళ్లలో తాతమ్మలకు ఒకే ఒక్క ఫోటో ఉంటుంది, టౌన్లో స్టూడియోకు పోయి దిగింది. ఇంట్లో ఉన్న ప్రింటు చెమ్మకి పోయింది. దాని నెగటివ్ స్టూడియోలో ఉండాలి. ఆ స్టూడియోలేమో మూతపడినాయి. మూసేటప్పుడు నెగటివ్‌లను తూకానికి అమ్మేసినవాళ్లు ఉన్నారు, ఎందుకంటే నలుపు తెలుపు ఫిల్ములో వెండి ఉంటుంది, దాన్ని కరిగించి తీసుకుంటారు. మన తాతమ్మ మొఖం అట్లా గ్రాముల లెక్కన పోయింది. ఇంకా మిగిలిన స్టూడియోలు ఉన్నాయి. వాటి అటకల మీద పెట్టెలున్నాయి. తొందర అందుకే.

ఇది జరిగే పనేనా అంటారా? పక్క దేశం చూడండి. కాఠ్మండులో నేపాల్ పిక్చర్ లైబ్రరీ అని 2011లో మొదలుపెట్టారు. ఇళ్లలో, స్టూడియోల్లో ఉన్న ఫోటోలను అడిగి తెచ్చి స్కాన్ చేసి తిరిగి ఇచ్చేస్తారు. అందులోంచి నేపాల్ దళితుల ఫోటోలను ఏరి 'దళిత్: ఎ క్వెస్ట్ ఫర్ డిగ్నిటీ' అని ప్రదర్శన పెట్టారు, పుస్తకం తెచ్చారు. ఇక తమిళనాడులో పాత స్టూడియోల ఫోటోలను పుదుచ్చేరి ఫ్రెంచి ఇన్‌స్టిట్యూట్ వాళ్లు, బ్రిటిష్ లైబ్రరీ ఎండేంజర్డ్ ఆర్కైవ్స్ ప్రోగ్రాం ఇచ్చిన సాయంతో డిజిటల్ చేశారు. కాబట్టి జరిగే పనే. వాళ్లకు పెద్ద సంస్థలున్నాయి, మనకు చందా డబ్బులున్నాయి. తేడా అంతే.

ఇప్పుడు అసలు విషయం. స్కానర్ దుకాణానికి పోయే ముందు పెట్టె విప్పాలి. ఏం ఉంది, ఎంత ఉంది, ఎట్లా ఉంది. ఈ మూడు తెలియకుండా మిషను కొనడమంటే, పిల్లాడి కాలు కొలవకుండా చెప్పులు కొనడమే.

ఏం ఉంది? మన దగ్గర మూడు రకాలు కనిపిస్తాయి. ఒకటి 35 మిల్లీమీటర్ల ఫిల్ము, పక్కల చిల్లులుండేది, ఒక్కో బొమ్మ 24 మిల్లీమీటర్లు వెడల్పు 36 మిల్లీమీటర్లు పొడవు. రెండోది 120 ఫిల్ము, చిల్లులుండవు, స్టూడియోల్లో, డబ్బా కెమెరాల్లో వాడింది. దాని చదరం బొమ్మ దాదాపు 56 మిల్లీమీటర్లకు 56. మూడోది స్లైడు, అయిదు సెంటీమీటర్ల చదరపు అట్ట చట్రంలోనో ప్లాస్టిక్ చట్రంలోనో ఉంటుంది, వెలుతురుకు పెడితే రంగులు ఉన్నవి ఉన్నట్టే కనిపిస్తాయి. బాగా పాత స్టూడియోల్లో గాజు పలకలు కూడా ఉంటాయి. ఇది ఎందుకు చెప్తున్నానంటే, బజార్లో ఫిల్ము స్కానర్ అని అమ్మేవాటిలో చాలావాటికి 35 మిల్లీమీటర్లది మాత్రమే పడుతుంది. మీరు అది కొనుక్కొచ్చి స్టూడియో నెగటివ్ పెట్టబోతే దూరదు. డబ్బులు పోయినట్టే.

ఎంత ఉంది? అందాజుగా చెప్పొద్దు. లెక్కపెట్టండి. రోలుకు 36 చొప్పున వేసుకోండి.

ఎట్లా ఉంది? దీనికి ముక్కు కావాలి. పెట్టె మూత తీయగానే వెనిగర్ వాసన, పులిసిన వాసన కొడితే ఆ ఫిల్ము చస్తోందని అర్థం. ఎసిటేట్ ప్లాస్టిక్ విరిగిపోతూ ఎసిటిక్ ఆమ్లం వదుల్తుంది. ఆ ఆమ్లమే మళ్లీ జబ్బును ఇంకా పెంచుతుంది, పక్కనున్న ఫిల్ముకూ అంటిస్తుంది. వేడికీ తేమకూ ఇంకా తొందరగా పోతుంది. మనదేమో ఆ రెండూ ఉన్న దేశం. ఫిల్ము ముడుచుకుపోతుంది, అలలు అలలుగా వంగుతుంది. ఒకసారి మొదలైతే వెనక్కి తిప్పే మందు లేదు. అట్లాంటివి వేరే పెట్టెలో పెట్టండి, స్కానింగ్‌లో మొట్టమొదటి వరస వాటిదే. తెల్లగా సాలెగూడులాగా బూజు పట్టినవి ఉంటాయి. వాటిని నీళ్లతో కడగొద్దు. ఫిల్ము మీద పొర జెలటిన్, బూజు తిన్న చోట అది నీళ్లకు కరిగి బొమ్మతో సహా పోతుంది. ఇక రంగు ఫిల్ములైతే చీకట్లో పెట్టినా రంగు వెలిసిపోతుంది. నలుపు తెలుపులో ఉన్నది వెండి కాబట్టి అది ఇంకా గట్టిది. ఈ లెక్కన ముందు వాసన కొట్టేవి, తర్వాత రంగువి, ఆఖర్న మంచి నలుపు తెలుపువి. వరస ఇది.

ఇప్పుడు మిషను పెట్టె మీద రాసే అంకె సంగతి చూద్దాం. డీపీఐ అంటారు. అంగుళానికి ఎన్ని చుక్కలు అని. లెక్కల పంతుల్ని కాబట్టి లెక్క చేసి చూపిస్తాను. అంగుళమంటే 25.4 మిల్లీమీటర్లు. 35 మిల్లీమీటర్ల బొమ్మ పొడుగు 36 మిల్లీమీటర్లు. 2400 డీపీఐలో స్కాన్ చేస్తే పొడుగున 3,400 చుక్కలు, వెడల్పున 2,270 చుక్కలు. మొత్తం 77 లక్షలు. ప్రింటుకు అంగుళానికి 300 చుక్కలు కావాలి. 3,400ను 300తో భాగించండి. 11 అంగుళాల పైన. అంటే పుస్తకానికీ, గోడ మీద ప్రదర్శనకూ మంచి సైజు. 4000 డీపీఐ అయితే 2 కోట్ల 14 లక్షల చుక్కలు, దాదాపు 19 అంగుళాల ప్రింటు. అంతకు మించి మనకు అక్కర్లేదు. ఎందుకంటే ఊరేగింపులో నడుస్తూ చేత్తో పట్టుకుని తీసిన ఫోటోలో అంతకు మించిన వివరం ఫిల్ములోనే లేదు. ఫిల్ములో లేనిది స్కానర్ పుట్టించలేదు.

మరి పెట్టె మీద 6400 అనీ 7200 అనీ రాస్తారు గదా? అక్కడే మోసపోతాం. అది మిషను ఎన్ని చుక్కలు రాస్తుందో చెప్పే అంకె. ఎంత వివరం నిజంగా చూస్తుందో చెప్పదు. చెరువులో గంప ముంచి ఎన్నిసార్లు ముంచావంటే ఏం లాభం, చేపలెన్ని పడ్డాయని అడగాలి. సన్నగీతల పలకతో పరీక్ష చేసినవాళ్లు ఏం చెప్పారో వినండి. ఎప్సన్ వీ600 మీద 6400 అని ఉంటుంది, నిజంగా చూసేది అందులో నాలుగో వంతు. ఎప్సన్ వీ850 మీద కూడా 6400, నిజానికి 2300 ప్రాంతం. ప్లస్‌టెక్ ఆప్టిక్‌ఫిల్మ్ మీద 7200, నిజం అందులో సగం. మిషన్లు పనికిరావని కాదు నేననేది. అంకెను నమ్మి బేరం చెయ్యొద్దంటున్నా.

ఇప్పుడు మన ముందున్న దారులు చూద్దాం. అయిదు ఉన్నాయి.

మొదటిది, పలక స్కానర్. జెరాక్స్ మిషనులాగా పైన మూత ఉంటుంది, ఆ మూతలో ఫిల్ము కోసం లైటుంటుంది. ఎప్సన్ వీ600, వీ850 ఈ రకమే. మూతలో లైటు లేని మామూలు ఆఫీసు స్కానర్‌కు ఫిల్ము పెడితే ఏమీ రాదు, ఇది గుర్తు పెట్టుకోండి. దీనికున్న గొప్ప గుణం, అన్నిటికీ పనికొస్తుంది. ప్రింట్లు, కరపత్రాలు, 120 నెగటివ్‌లు, స్లైడ్లు. 120 ఫిల్ము పెద్దది కాబట్టి నిజం 1500 డీపీఐ ఉన్నా పది అంగుళాల ప్రింటుకు చాలు. 35 మిల్లీమీటర్లకు మాత్రం వీ600 బొటాబొటి. ఒక విడతకు వీ600లో 12 బొమ్మలు, వీ850లో 18 బొమ్మలు పడతాయి. పెద్ద గాజు పలకలుంటే వీ850 కావాలి, వీ600 మూతలో లైటు సన్నటి పట్టీ మేరకే వస్తుంది. ఫిల్ము వంగి ఉంటే పలక స్కానర్‌లో బొమ్మ మసకగా వస్తుంది, అదీ చూసుకోండి.

రెండోది, ఫిల్ముకే ప్రత్యేకించిన స్కానర్. ప్లస్‌టెక్ 8100, 8200 రకాలు. బొమ్మ స్పష్టత పలక స్కానర్ కన్నా మేలు. కానీ 35 మిల్లీమీటర్లదే. ఒక్కో బొమ్మకూ చేత్తో చట్రాన్ని తోస్తూ ఉండాలి. వందల్లో ఉంటే సరే. వేలల్లో ఉంటే కూచున్నవాడి నడుం విరుగుతుంది.

మూడోది, పాత నికాన్ కూల్‌స్కాన్. 5000 రకం 4000 డీపీఐ నిజంగానే ఇస్తుంది. దానికి 50 స్లైడ్లు ఒకేసారి మింగే పరికరం కూడా ఉండేది. స్లైడ్లు వేలల్లో ఉన్నవాళ్లు ఇప్పటికీ దీనికోసమే వెతుకుతారు. కానీ 2010 ప్రాంతంలో నికాన్ స్కానర్ల తయారీనే ఆపేసింది. సెకండ్‌హ్యాండ్‌లోనే దొరుకుతుంది. దాని సొంత సాఫ్ట్‌వేర్ పాత విండోస్‌కు రాసింది, ఇప్పుడు వ్యూస్కాన్ లాంటిది కొనుక్కుని నడపాలి. పాడైతే స్పేర్ పార్టులు ఎక్కడ? బాగుచేసే చెయ్యి మన జిల్లాలో ఉందా? లేకపోతే ఆ డబ్బు పెట్టొద్దు.

నాలుగోది, చిన్న తెర ఉండే చవక డబ్బా. స్లైడు తోస్తే రెండు సెకన్లలో బొమ్మ. కంప్యూటర్ కూడా అక్కర్లేదు. లోపల ఉన్నది ఒక చిన్న కెమెరా. అది ఇచ్చేది జేపెగ్ ఫైలు, బాగా తెలుపు, బాగా నలుపు ఉన్నచోట వివరం పోతుంది. కార్యకర్తలు ఊరూరా తిరిగి ఏ రోలులో ఏముందో జాబితా రాసుకోవడానికి బాగుంటుంది. శాశ్వతంగా దాచే కాపీకి పనికిరాదు. ఈ రెండింటినీ కలపొద్దు.

అయిదోది, కెమెరా. దీన్ని జాగ్రత్తగా వినండి, మన పరిస్థితికి ఇదే దగ్గర. కింద తెల్లటి ఎల్‌ఈడీ లైటు పలక, దాని మీద ఫిల్మును చదునుగా పట్టే చట్రం, పైన స్టాండుకు తలకిందులుగా బిగించిన డిజిటల్ కెమెరా, దానికి దగ్గర్నించి తీసే మాక్రో లెన్సు. 24 మెగాపిక్సెళ్ల కెమెరా అయితే 35 మిల్లీమీటర్ల బొమ్మకు దాదాపు 4000 డీపీఐతో సమానం. 120 చదరానికి 1800 దాటుతుంది, 13 అంగుళాల ప్రింటుకు చాలు. ఇంకా మేలేమిటంటే వేగం. నిమిషానికి నాలుగు బొమ్మలు తాపీగా తీయొచ్చు.

కెమెరా ఎక్కడిదంటారా? మీ మండలంలో పెళ్లి ఫోటోలు తీసే మన కుర్రాళ్లు ఎంతమంది లేరు? ఆషాఢంలో, మూఢంలో పెళ్లిళ్లుండవు, కెమెరాలు బీరువాలోనే ఉంటాయి. ఆ పదిహేను రోజులు అడుగుదాం. మాక్రో లెన్సు అద్దెకు తెద్దాం, లేదంటే కొందాం. లైటు పలక కొనేటప్పుడు రంగుల నాణ్యత చెప్పే సీఆర్‌ఐ అంకె 95 పైన ఉన్నది చూడండి. సెల్‌ఫోన్ తెరను లైటుగా వాడొద్దు, దాని చుక్కలు బొమ్మలో పడతాయి.

ఇక్కడ ఇంకో కిటుకు, అమ్మేవాడు చెప్పనిది. ఖరీదైన స్కానర్లలో ధూళి తీసే ఇన్‌ఫ్రారెడ్ సదుపాయం ఉంటుంది. డిజిటల్ ఐస్ అంటారు. ఇన్‌ఫ్రారెడ్ కిరణాలకు రంగు ఫిల్ములోని రంగు అడ్డురాదు, ధూళి, గీతలు అడ్డొస్తాయి. అట్లా ధూళిని పోల్చుకుని చెరిపేస్తుంది. మామూలు రంగు నెగటివ్‌లకూ స్లైడ్లకూ బ్రహ్మాండంగా పనిచేస్తుంది. కానీ నలుపు తెలుపులో ఉన్నది వెండి. ఇన్‌ఫ్రారెడ్‌కు వెండి కూడా అడ్డొస్తుంది. మిషను బొమ్మనే ధూళి అనుకుని పాడుచేస్తుంది. కొడాక్రోమ్ స్లైడ్లతోనూ పేచీ ఉంది. మన ఉద్యమ ఫోటోల్లో ఎక్కువ ఏవి? ఇందు, ఓర్వో లాంటి నలుపు తెలుపు రోళ్లు. ఇందు అంటే ఊటీలో 1960లో పెట్టిన ప్రభుత్వ కంపెనీ హిందుస్థాన్ ఫోటో ఫిల్మ్స్ వాళ్లది. అట్లాంటి ఫిల్ము కోసం ఇన్‌ఫ్రారెడ్‌కు అదనంగా డబ్బు పోయడం దేనికి? పెట్టెలో రంగు స్లైడ్లు ఎక్కువుంటే మాత్రం అది కావాల్సిందే, ఒక్కో మచ్చా చేత్తో చెరిపే శ్రమ తప్పుతుంది. ఇంకొకటి, స్లైడులో నల్లటి భాగం నెగటివ్ కన్నా చాలా చిక్కగా ఉంటుంది. చవక మిషను అక్కడ వట్టి నలుపే చూపిస్తుంది. స్లైడ్లను పరీక్షించేటప్పుడు బాగా చీకటి బొమ్మ ఒకటి పెట్టి చూడండి.

ఇప్పుడు ఒక లెక్క వేద్దాం. మన దగ్గర 10,000 బొమ్మలున్నాయని అనుకుందాం. చేత్తో తోసే స్కానర్‌లో ఒక్కోదానికి అన్నీ కలిపి మూడు నిమిషాలు. 30,000 నిమిషాలు. అంటే 500 గంటలు. ఒక కార్యకర్త రోజుకు రెండు గంటలు కూచుంటే 250 రోజులు. మధ్యలో ఎన్నికలొస్తాయి, ధర్నా వస్తుంది, కోతలొస్తాయి. ఆ పని సాగదు. కెమెరాతో నిమిషానికి నాలుగంటే 42 గంటలు. ధూళి ఊదడం, పేర్లు రాయడం కలిపి మూడింతలు వేసుకోండి, 126 గంటలు. నలుగురు పంచుకుంటే ఒక్కొక్కరికి 32 గంటలు. ఇది సాగే పని. మనకు డబ్బు కన్నా కరువైంది మనుషుల సమయం. మిషనును ఆ లెక్కన కొలవాలి.

కాబట్టి నా సలహా సూటిగా చెప్తాను. పెట్టెలో వేలకు వేలు 35 మిల్లీమీటర్ల నలుపు తెలుపు ఉంటే కెమెరా దారి. 120 నెగటివ్‌లు, ప్రింట్లు, కరపత్రాలు కలిపి ఉండి, సంఖ్య రెండు మూడు వందలు దాటకపోతే ఒక పలక స్కానర్ చాలు. రంగు స్లైడ్లు వందల్లో ఉంటే ఇన్‌ఫ్రారెడ్ ఉన్న ఫిల్ము స్కానర్. వేలల్లో ఉంటే మిషను కొనడం కన్నా బయట చేయించే సంగతి ఆలోచించండి, దాని షరతులు చివర్లో చెప్తా. ఏది కొన్నా కొనకముందు మన ఫిల్ములోంచే 20 బొమ్మలు పట్టుకుపోయి, మంచివి, చెడ్డవి, వంగినవి, చీకటివి, పరీక్ష చేయించి చూడండి. దుకాణంవాడి నమూనా ఫోటో చూసి మురిసిపోవద్దు.

పని చేసేటప్పుడు కొన్ని జాగ్రత్తలు. ఫిల్మును అంచుల్లోనే పట్టుకోవాలి, నూలు గ్లోవ్స్ ఉంటే మేలు. నోటితో ఊదొద్దు, తుంపర పడుతుంది. రబ్బరు బుడ్డితో ఊదాలి. గది చీకటి చెయ్యాలి. కెమెరా నిటారుగా ఉందో లేదో తెలియాలంటే ఫిల్ము పెట్టే చోట చిన్న అద్దం పెట్టండి. అద్దంలో లెన్సు తన ప్రతిబింబాన్ని సరిగ్గా నడిమధ్యన చూస్తుంటే సరిగ్గా ఉన్నట్టు. ఫిల్ముకు ఒకవైపు మెరుపు, ఒకవైపు మసక. మెరుపు వైపునుంచి చూస్తేనే బొమ్మ సరైన వాటం. బ్యానరు మీద అక్షరాలు తిరగబడి కనిపిస్తే ఫైలును తిప్పాలి. చూసుకోకపోతే ఎడమ చేతిలో జెండా ఉన్నాయన కుడి చేతికి మారిపోతాడు.

ఫిల్ము అంచును కత్తిరించకుండా బొమ్మతో పాటు తీయండి. అంచు మీద ఫిల్ము పేరు, బొమ్మ నెంబరు ఉంటాయి. 14 తర్వాత 15, 15 తర్వాత 16. ఏది ముందు జరిగింది, ఏది తర్వాత జరిగింది అని ఆ నెంబర్లే సాక్ష్యం చెప్తాయి. అంచు కనిపించకుండా నొక్కేసే చట్రాలున్న స్కానర్లు ఈ సాక్ష్యాన్ని మింగేస్తాయి. స్కానర్ ఎంచేటప్పుడు ఇది కూడా అడగండి.

ఫైలును కెమెరా అయితే 'రా' రూపంలో, స్కానర్ అయితే 16 బిట్ల టిఫ్ రూపంలో దాచాలి. జేపెగ్ పంచిపెట్టడానికి మాత్రమే. 35 మిల్లీమీటర్ల రంగు బొమ్మ 2400 డీపీఐలో 16 బిట్ల టిఫ్ దాదాపు 46 ఎంబీ. పదివేలకు 460 జీబీ. కాబట్టి ఎవరూ బెదరక్కర్లేదు, ఒక మామూలు హార్డ్‌డిస్కు చాలు. కానీ ఒకటి కాదు, మూడు కొనాలి. స్కానర్ బడ్జెట్‌లో ముందే ఆ డబ్బు తీసి పక్కన పెట్టండి. ఒకటి ఆఫీసులో, ఒకటి వేరే ఊళ్లో నమ్మకమైన ఇంట్లో, ఒకటి ఏదన్నా లైబ్రరీలో. వరద వచ్చినా, దొంగ పడినా, ఇంకెవరన్నా వచ్చినా మూడూ ఒకేరోజు పోవు. నెగటివ్‌ను పాజిటివ్‌గా తిరగెయ్యడానికి డార్క్‌టేబుల్, రాథెరపీ అనే ఉచిత సాఫ్ట్‌వేర్లున్నాయి, కొననక్కర్లేదు.

స్కాన్ అయినాక నెగటివ్‌లు పారెయ్యొచ్చా అని ఒక తమ్ముడు అడిగాడు. వొద్దు. ఎన్నటికీ వొద్దు. హార్డ్‌డిస్కు ఉన్నట్టుండి చచ్చిపోతుంది. బాగా దాచిన నలుపు తెలుపు నెగటివ్ మన మనవళ్ల దాకా ఉంటుంది. పైగా రేపు కోర్టులో అసలు అడిగితే అసలు నెగటివే. ఎలక్ట్రానిక్ కాపీ చూపించాలంటే భారతీయ సాక్ష్య అధినియం 2023, సెక్షన్ 63 కింద సర్టిఫికెట్ కావాలి, అందులో ఫైలు వేలిముద్ర లాంటి హాష్ అంకె రాయాలి. ఈ చట్టం 2024 జూలై 1 నుంచి అమల్లో ఉంది. అందుకే ప్రతి ఫైలుకూ హాష్ అంకెను మొదటిరోజే తీసి రాసి పెట్టండి. ఫైలు ఎవరన్నా మార్చితే ఆ అంకె మారిపోతుంది, దొంగ దొరికిపోతాడు. నెగటివ్‌లను పీవీసీ ప్లాస్టిక్ సంచుల్లో పెట్టొద్దు, రేకుల ఇంటి అటక మీద పెట్టొద్దు. ఆమ్లం లేని కాగితపు కవర్లలోనో పాలీప్రొపిలీన్ కవర్లలోనో, ఇంట్లో అన్నిటికన్నా చల్లగా పొడిగా ఉండే చోట పెట్టండి.

ఇక పేరు సంగతి. స్కానర్ బొమ్మను తెస్తుంది, పేరు తేలేదు. ఫైలు పేరు నెంబరులోనే ఉంటుంది. కానీ ఆ ఫోటోలో ఎవరు, ఏ ఊరు, ఏ సంవత్సరం? అది చెప్పగలిగిన ముసలోళ్లు ఏడాదికేడాది తగ్గిపోతున్నారు. ఫిల్ము కన్నా ముందు వాళ్లు పోతున్నారు. కాబట్టి స్కానర్ వచ్చేదాకా ఆగొద్దు. చాలా సెల్‌ఫోన్లలో రంగులు తిరగేసి చూపించే సదుపాయం ఉంటుంది. అది పెట్టి, ఫోన్ కెమెరాలోంచి లైటు మీద నెగటివ్‌ను చూస్తే అప్పటికప్పుడు ఫోటోలాగా కనిపిస్తుంది. అవ్వ పక్కన కూచుని చూపించండి. ఆమె చెప్పింది ఆమె మాటల్లోనే రాయండి. "వెంకటాయి కొడుకు" అంటే "వెంకటాయి కొడుకు" అనే రాయండి. "గుర్తు తెలియని మహిళ" అని ఆఫీసు భాషలో రాయొద్దు. మన ఆడవాళ్లు మనకు గుర్తు తెలియనివాళ్లు ఎట్లా అవుతారు?

అనుమతి లేకుండా ఏదీ బయట పెట్టొద్దు. కాపీరైట్ చట్టం 1957 ప్రకారం డబ్బులిచ్చి తీయించుకున్న ఫోటోకు, వేరే ఒప్పందం లేకపోతే, మొదటి హక్కుదారు తీయించుకున్న మనిషే. స్టూడియో పెట్టె ఇచ్చినంత మాత్రాన ఆ పెళ్లి ఫోటో ఇంటర్నెట్టులో పెట్టే హక్కు మనకు రాదు. స్టూడియోవాళ్లనూ అడగాలి, ఇంటివాళ్లనూ అడగాలి. శవాల ఫోటోలుంటాయి, దెబ్బలు తిన్నవాళ్ల ఫోటోలుంటాయి. అత్యాచారానికి గురైన మనిషి ఎవరో బయటపెట్టడాన్ని చట్టమే నిషేధించింది, భారతీయ న్యాయ సంహిత సెక్షన్ 72. అట్లాంటివి దాచాలి, కానీ తాళం వేసి దాచాలి. తాళంచెవి ఎవరి దగ్గరుండాలో ఆ ఊరివాళ్లే కూచుని తేల్చాలి, అందులో ఆడవాళ్లు ఉండాలి.

ఆఖరుగా బయటివాళ్ల చేత చేయించే సంగతి. ఎవరో యూనివర్సిటీవాళ్లు, ఏదో సంస్థవాళ్లు వచ్చి "మీ పెట్టెలు ఇవ్వండి, మేమే ఉచితంగా చేసిస్తాం" అంటారు. మంచివాళ్లే కావచ్చు. మంచితనం కాగితం మీద ఉంటే ఇంకా మంచిది. నాలుగు షరతులు రాయించుకోండి. అసలు నెగటివ్‌లు మన ఊరు దాటిపోకుండా మిషనే ఇక్కడికి రావాలి. అది కుదరకపోతే లెక్కపెట్టి రసీదు మీద పంపి, ముందు పంపిన కట్ట తిరిగి వచ్చినాకే రెండో కట్ట ఇవ్వాలి. మనకు ఇచ్చేది చిన్న జేపెగ్‌లు కాదు, వాళ్లు దాచుకునే పెద్ద ఫైళ్లే పూర్తిగా ఇవ్వాలి. మన అనుమతి లేకుండా అచ్చెయ్యకూడదు, అమ్మకూడదు, ఇంటర్నెట్టులో పెట్టకూడదు. మన పిల్లలిద్దరికి ఆ పని నేర్పించి పోవాలి. ఈ నాలుగో షరతును బేరంలో వదులుకోవద్దు. మన చరిత్ర మన ఇంట్లో పెట్టెలో ఉండి, అది చూడాలంటే మనం వేరేవాళ్ల గుమ్మం ముందు నిలబడే పరిస్థితి రాకూడదు.

ఇక్కడున్న ప్రతి కార్యకర్తకూ ఇంటిపని ఇస్తున్నాను, పంతుల్ని గదా. వచ్చే సమావేశానికి మీ మండలంలో మూతపడిన, మూతపడబోతున్న స్టూడియోల పేర్లు రాసుకురండి. మీ దగ్గరున్న పెట్టెలు విప్పి ఏ రకం ఎన్ని ఉన్నాయో లెక్క రాయండి. వాసన కొట్టేవి వేరు చెయ్యండి. ముగ్గురు ముసలోళ్లకు నెగటివ్‌లు చూపించి పేర్లు రాయండి. ఈ కాగితాలన్నీ బల్ల మీద పెట్టినరోజు, ఏ మిషను కొనాలో నేను చెప్పనక్కర్లేదు. మీరే చెప్తారు.

జై భీమ్.